వాడ పోరగాళ్లు ఎక్కడ చెడుతున్నరు?

"యువత పెడదారి పడుతోంది, నేరప్రవృత్తి పెరుగుతోంది" - గద్వాలలోనైనా, వనపర్తిలోనైనా, నాగర్‌కర్నూలులోనైనా ఈ మాటతో మొదలుకాని అవగాహన సదస్సు లేదు. వేదిక మీద పోలీసు అధికారి, విద్యాశాఖ అధికారి, పట్టణంలోని ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు. సెల్‌ఫోన్లు, సినిమాలు, మత్తుమందులు అని వరుసగా చదువుతరు. ఎవరి పిల్లల గురించి మాట్లాడుతున్నరో చెప్పరు. చెప్పే అవసరం లేదు. రాత్రిపూట కార్డన్ సెర్చ్ ఏ వాడకు వస్తదో, ఏ కాలనీకి రాదో అందరికీ తెలుసు. దొర కొడుకు కారుతో గుద్దితే వయసు దుడుకు. మాదిగాయన కొడుకు బండి మీద ఇద్దరిని ఎక్కించుకుంటే రౌడీతనం.

ఈ పేరు పెట్టుడు ఇయ్యాల్టిది కాదు. 1871లో తెల్లోడు నేరస్థ జాతుల చట్టం తెచ్చి, కడుపులో ఉన్న బిడ్డకు కూడా దొంగ అని ముద్ర వేసిండు. ఎరుకలోళ్లు ఆ ముద్ర మోసిన్రు. 1952లో చట్టం పోయింది, ముద్ర పోలేదు. 1991లో చుండూరులో ఏమన్నరు? దళిత యువకులు నాలుగక్షరాలు నేర్చి పొగరెక్కిన్రు, సినిమా హాల్లో కాలు తగిలించిన్రు, ఆడపిల్లలను ఏడిపిస్తున్నరు అన్నరు. ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికి చంపిన్రు, శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువలో వేసిన్రు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. నేరప్రవృత్తి మీద ఉపన్యాసం ఇచ్చేవాళ్లు చుండూరు ఊసెత్తగా నేను వినలేదు.

అట్లని మన పిల్లలు తప్పు చేస్తలేరని అననే అనను. కల్లు దుకాణం కాడ తలలు పగలగొట్టుకునేటోళ్లలో మనోళ్లున్నరు. బడి నుంచి వచ్చే పిల్ల వెంట బండేసుకొని తిరిగేటోళ్లలో మనోళ్లున్నరు. "అదంతా పోలీసుల కట్టుకథ" అని కొన్ని సంఘాలు కొట్టిపారేస్తున్నయి. ఆ మాట మన ఆడపిల్లల ముందర నిలబడి చెప్పమనాలె. పోరడు చెడితే మొదటి దెబ్బ తినేది వాడలోని పిల్లనే.

మరి వీళ్లు చెడేది ఎక్కడ? నడిగడ్డ సంగతే చూద్దాం. కృష్ణకు, తుంగభద్రకు నడుమ ఉన్న ఈ గడ్డ మీద హైబ్రిడ్ పత్తి విత్తనం పండుతది. 2011 లెక్కల్లో, ఇప్పుడు జోగులాంబ గద్వాల జిల్లా అంటున్న ఈ ప్రాంతంలో చదువొచ్చినోళ్లు సగం మంది కూడా లేరు. రాష్ట్రంలోనే అట్టడుగు. ఈ రెండింటికి సంబంధం ఉంది. విత్తన పత్తిలో పువ్వు పువ్వుకూ చేతిపని. సాయంత్రం ఆడ వరుసల్లో మొగ్గ ఒలిచి పుప్పొడి తీసెయ్యాలె, తెల్లారి మగపువ్వు తెచ్చి దానికి రుద్దాలె. క్రాసింగ్ అంటరు. జులై ఆఖరు, ఆగస్టుల మొదలైతే రెండు మూడు నెలలు ఇదే పని. పిల్లల వేళ్లు సన్నం, మొగ్గ విరగదు అని రైతు చెప్తడు. వేళ్ల ముచ్చట కాదిది, కూలి ముచ్చట. కంపెనీ ఆర్గనైజరుకు, ఆర్గనైజరు రైతుకు, రైతు తల్లిదండ్రులకు ముందుగాల పైసలిస్తరు. ఎండకాలంల పెండ్లికో, దవాఖానకో తీసుకున్న అడ్వాన్సును ఆగస్టుల పిల్ల పోయి తీర్చాలె.

ఈ సంగతి 2000 తర్వాత బయటి దేశాల్లో కూడా అల్లరైంది. పెద్ద కంపెనీలు పిల్లలను పెట్టని రైతుకు బోనస్, పెట్టిన రైతుకు కోత అన్నయి. 14 ఏండ్ల లోపు పిల్లలు కొంత తగ్గిన మాట నిజం, వాళ్ల కన్న కాస్త పెద్దోళ్లు ఆ వరుసల్లోకి వచ్చిన్రు. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించిన్రు గని, బడి వేళలు కానప్పుడు 'కుటుంబానికి సాయం' చెయ్యొచ్చని సందు వదిలిన్రు. ఆ సందుల నుంచి చేనుకు చేనే పోతది.

ఆ చేన్ల పిల్లగాడు నేర్చేదేంది? పువ్వు వదిలిపెడితే దెబ్బ. అలిసి కూసుంటే కులం పేరుతో తిట్టు. బలమున్నోడు కొట్టాలె, లేనోడు పడాలె. దసరా దాటినంక బడికొస్తే భిన్నాలు, బీజగణితం అయిపోయి ఉంటయి. "మొద్దు" అని సారు వెనకకు కూసోబెడతడు (మా వృత్తిలో ఈ మాటకు శిక్ష లేదు). ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో మానేస్తడు. కాలం అయిపోయినంక చేతిల పని ఉండదు, కల్లు దుకాణం మాత్రం ఉంటది. పాలమూరు కల్లుల క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలం కలుపుతరని తెల్వనిదెవరికి? 2015 సెప్టెంబరులో సర్కారు కల్తీ ఆపితే, మత్తు దొరకక జనం పిచ్చెత్తినట్టయి దవాఖానలు నిండినయి. వనపర్తి, నాగర్‌కర్నూలు దిక్కున విత్తన పత్తికి బదులు వలస. అమ్మానాయిన పుణెలనో హైదరాబాదులనో మట్టి మోస్తుంటే పోరడు ముసలవ్వ కాడ పెరుగుతడు. అడిగేటోళ్లు ఉండరు.

ఆడపిల్లది వేరే లెక్క. పోరడు చెడిండంటే ఠాణాకు తీస్కపోతరు, పిల్ల 'చెడింది' అంటే పెండ్లి చేస్తరు. ఫోను మాట్లాడినా, బస్టాండుల నవ్వినా, క్రాసింగ్ కాడ ఆటోల పక్కన కూసున్నా నేరమే. పదహారేండ్లకు మెడల పుస్తె పడితే ఆమె మీద జరిగే హింస ఏ నేరాల లెక్కల్లోకీ రాదు. బాల్యవివాహాల నిషేధ చట్టం 2006 నుంచి ఉంది. దాన్ని మన వాడల్లో మనమే అమలు చేయించాలె. పెండ్లిపత్రిక అచ్చైనంక కాదు, పిల్ల బడి మానిన వారంలనే.

సంఘాల ముందు రెండు పనులు పెడుతున్న. ఒకటి, ఠాణా పని. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం 18 నిండనోళ్లను లాకప్పుల పెట్టొద్దు, 24 గంటల్లోపల బోర్డు ముందుకు తేవాలె. పిల్లల సంగతి చూసే అధికారి ప్రతి స్టేషనుల ఉండాలె. పదహారు దాటితే ఘోర నేరాలకు పెద్దోళ్ల లెక్క విచారించే వీలు కూడా అదే చట్టం ఇచ్చింది, కాబట్టి మొదటి రాత్రే ఎవరైనా ఒకరు స్టేషనుకు పోవాలె. అగ్రకులపోళ్ల పిల్లల కోసం ఫోన్లు మోగుతయి, మనోళ్ల కోసం మనిషి పోవాలె.

రెండోది బడి పని. రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ 1990లలోనే బడి బయట ఉన్న ప్రతి పిల్లనూ బాలకార్మికురాలిగానే లెక్కగట్టి, శిబిరాల్లో చదివించి వయసుకు తగిన తరగతిలో కూసోబెట్టింది. చేను నుంచి వచ్చినోళ్లకు గట్టులో, మల్దకల్‌లో, అయిజలో అట్లాంటి శిబిరాలు నవంబరులో కావాలె. అంతకన్న ముందు అడ్వాన్సు చేతులు మారే ఎండకాలంలనే సంఘం ఇల్లిల్లూ తిరగాలె. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఏ తరగతికి ఎందరు వచ్చిన్రో బడిలో అడిగి రాసుకోవాలె. చెప్పకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద మండల విద్యాధికారికి దరఖాస్తు పెట్టొచ్చు, తెల్లకార్డు ఉన్నోళ్లకు దానికి రుసుము కూడా లేదు.