డీజిలా, పెట్రోలా?

కారు కొనడం పిల్ల పెళ్ళి కుదర్చడంకన్నా కష్టమని పెద్దలు చెప్పలేదు. వారిలో కార్లు కొన్నవారు తక్కువ గనుక.

మా బావమరిదిది డీజిలు పక్షం. 2021లో కొన్న పెద్దబండి ఒకటి 9 లక్షలకు వస్తుందట. అటువంటిదే కొత్త పెట్రోలుబండి 11. తేడా 2 లక్షలూ మా అమ్మాయి ఇంజనీరింగు చదువుకు దాచిన సొమ్ము! పైగా లీటరు డీజిలుకు 17 కిలోమీటర్లు నడిస్తే పెట్రోలుకు 13 గగనం. నెలకు మేము తిరిగే 400 కిలోమీటర్లకు 1,000 రూపాయలు మిగులుతాయని కాగితంమీద తేల్చి చూపాడు. లెక్కలో తప్పులేదు.

అయితే ఎక్కడ తిరుగుతాం? కాలేజీకి 6 కిలోమీటర్లు, కూరల బజారుకు 2. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బి.ఎస్.-6 డీజిలు కార్ల పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడ ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే గొట్టం బాగా వేడెక్కాలి. అందుకు బండి పెద్దరోడ్డుమీద ఏకధాటిగా పోవాలి. సందుల్లో తిరిగే బండికి ఆ యోగమేదీ? జల్లెడ పూడుకుంటుంది. మార్చవలసి వస్తే లక్షమాట వినవలసిరావచ్చు. మొదటి యజమాని ఎలా తోలాడో? సర్వీసు పుస్తకం చూపమంటే అమ్మేవాడు నవ్వి ఊరుకున్నాడు.

వారంవారం విజయవాడ, హైదరాబాదుల మధ్య తిరిగే మా బావమరిదికైతే డీజిలు బంగారమే సుమా!

“మరి 2 లక్షలో?” అంది శ్రీమతి. పెద్దబండి మనకెందుకు, చిన్నది చూడండని దారీ ఆమే చెప్పింది. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్లు, 1200 సి.సి. దాటని పెట్రోలు కార్లకు జి.ఎస్.టి. 18 శాతం, పెద్దవాటికి 40. ఎత్తు తక్కువైతే మా అమ్మ మోకాళ్ళకూ హాయి.

బావమరిదికి ఇంకా చెప్పలేదు.