తుపాకి లేని సాహసము

అడవిలో సాహసయాత్ర యనగానే తుపాకి పట్టిన వేటగాడు మన కన్నులకు గట్టును. కాని వేటకంటె ఓర్పుతో చూచి వ్రాసికొనుటయే గొప్ప సాహసమని నా యభిప్రాయము. మైకేల్ ఫే యను జీవశాస్త్రజ్ఞుని యాత్రయే ఇందులకు తార్కాణము.

1999లో ఆయన ఆఫ్రికాలోని కాంగో రిపబ్లిక్ ఉత్తరభాగమునుండి, నౌబాలే-న్డోకి జాతీయోద్యానవనము మీదుగా బయలుదేరెను. 456 దినములు కాలినడకను పయనించి, 2000 డిసెంబరులో గాబన్ దేశపు సముద్రతీరమును చేరెను. అది బాటలు లేని కీకారణ్యము. పెక్కుచోట్ల ఏనుగులు త్రొక్కిన త్రోవలే దారులు. తక్కినచోట్ల బురదనేలలు, ముళ్లపొదలు. అయినను ఆయన ప్రతిదినము జంతువుల యడుగుజాడలను, పేడను, రాలిన పండ్లను గూడ విడువక పుస్తకమున వ్రాసికొనెను.

పేడను లెక్కించుటవలన ఫలమేమని కొందరు నవ్వవచ్చును. ఆ వివరములను, ఛాయాచిత్రములను గాబన్ అధ్యక్షుడు ఒమర్ బోంగో చూచెను. 2002లో ఆ దేశమున 13 జాతీయోద్యానవనములు వెలసెను. ఒక్క తుపాకియైనను ఇంత మేలు చేయగలదా?

అయితే కీర్తి యంతయు ఒక్కనిదే యనుట న్యాయము కాదు. మూటలు మోసి, తీగలు నరకి, దారి తీసినవారు ఆ యడవులనెరిగిన స్థానికులు. వారు లేనిచో ఆ యాత్రయే లేదు. లోకము నాయకుని పేరు తలచినంతగా వారి పేర్లు తలచదు. ఇది సరిదిద్దుకొనవలసిన లోపము.

బాలబాలికలారా! ఎరుగనిదానిని ఎవ్వరును కాపాడలేరు. ఎరుగుటకు కావలసినది చూచు కన్ను, వ్రాయు చేయి, విసుగెరుగని మనస్సు.