పదునెనిమిదేండ్లతో తీరని బాధ్యత

తలిదండ్రుల నీడ కరవై, బాలసదనమునందో, ఫోస్టర్ కేర్ పేర పరాయి యింటనో పెరిగిన బిడ్డ చదివి ఉద్యోగము సంపాదించినప్పుడు, మనమందరము ఆ పట్టుదలను వేనోళ్ళ కొనియాడుచున్నాము. ఆ ప్రశంస యుక్తమే. కాని ఆ స్థైర్యము పుట్టుకతోనే అబ్బినదని తలంచినచో, నిలదొక్కుకొనలేకపోయినవారిని దోషులను చేసి, సమాజము తన పూచీని దులుపుకొనినట్లగును.

హవాయిలోని కవాయీ దీవియందు 1955లో జన్మించిన 698 మంది శిశువులను ఎమ్మీ వెర్నర్ ప్రభృతులు దశాబ్దముల తరబడి పరిశీలించిరి. దారిద్ర్యము, కుటుంబకలహము మొదలగు పెక్కు కష్టముల నడుమ పెరిగినవారిలో ఇంచుమించు మూడవవంతు సమర్థులుగా ఎదిగిరి. అవ్వయో, ఉపాధ్యాయుడో, పొరుగువారో, ఎవరో యొకరు వారికి పెద్దదిక్కై వెన్నంటి యుండిరని తేలెను.

ఆ అండ ఎంతకాలము నిలుచుననునదియు ముఖ్యమే. 2002లో ఆరంభమైన అమెరికా అధ్యయన మొకటి ఇల్లినాయ్, విస్కాన్సిన్, అయోవా రాష్ట్రములలో ఫోస్టర్ కేర్‌నుండి వెలువడిన ఏడువందల మందికి పైబడిన యువజనులను 26వ ఏటివరకు అనుసరించెను. ఆనాడు ఇల్లినాయ్‌లో 21 ఏండ్లవరకు ఆశ్రయము దొరకుచుండగా, తక్కిన రెండింట సాధారణముగా 18తోనే ముగియుచుండెను. కళాశాల మెట్లెక్కుటలో ఇల్లినాయ్ యువతయే ముందుండెను.

మన దేశమున 2015 నాటి బాలల న్యాయ చట్టములోని 46వ సెక్షన్, పదునెనిమిదేండ్లు నిండి సంరక్షణాలయమును వీడువారికి ఆర్థిక సహాయ మీయవచ్చునన్నదే గాని, ఈయవలెనని శాసింపలేదు. పైగా, అనంతర సంరక్షణకు చట్టమిచ్చిన నిర్వచనము 21 ఏండ్లు నిండని, సంస్థలనుండి వెలువడినవారినే పేర్కొనుచు, ఫోస్టర్ కుటుంబములలో పెరిగినవారి ఊసెత్తదు. మిషన్ వాత్సల్య క్రింద నెలకు 4,000 రూపాయల సహాయమునకు వీలున్నను, అది పథకమే గాని హక్కు కాదు.

పెట్టె సర్దుకొని అద్దెగది వెదుకబోయిన అమ్మాయిని ఇంటి యజమానురాలు, ‘మీ నాన్నగారేం చేస్తారమ్మా?’ అని మొదటనే అడుగును. దరఖాస్తులో శాశ్వత చిరునామా గడి ఖాళీగా మిగులును. అదే యీడు మన బిడ్డలకో, చదువు ముగిసి కొలువు దొరకువరకు ఫీజులు కట్టుచు, పండుగకు రమ్మని కబురంపుచునే యుందుము.

కావున అనంతర సంరక్షణను హక్కుగా మార్చి, ఫోస్టర్ కుటుంబములలో పెరిగినవారికిని స్పష్టముగా వర్తింపజేయవలెను. ప్రతి జిల్లా బాలల సంరక్షణ విభాగము వారిలో ఒక్కొక్కరికి ఒక బాధ్యుడైన పెద్దను కనీసము 21 ఏండ్లు నిండువరకు ఏర్పరుపవలెను. తలిదండ్రుల స్థానమును తానై స్వీకరించిన ప్రభుత్వము, ఆ విధిని నడుమ విడుచుట ధర్మము కాదు.