ప్రతి గదికీ స్పీకర్ సరే, స్విచ్ ఎవరి చేతిలో?



ఈ మధ్య పావగడలోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ మనవాళ్ల గృహప్రవేశాలకు వరసగా వెళ్లి వచ్చాము. ఇల్లు చూపించేటప్పుడు పిల్లలు ఇప్పుడు ముందుగా చూపించేది స్పీకర్లు. పడసాలలో రెండు, వంటింట్లో ఒకటి, మిద్దె మీది గదిలో ఒకటి, ముసలివాళ్ల గదిలో ఒకటి. అన్నీ ఒకే ఫోన్‌తో మోగుతాయి. పోయిన వారం మన సభ్యుడొకాయన అడిగాడు: "అన్నా, మీరు రైల్వేలో మైకులో చెప్పినవాళ్లు కదా. మేమూ ఇల్లు కడుతున్నాము. ఏం పెట్టించమంటారు?" ఆయనకు చెప్పింది అందరికీ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాము.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాము. ఏ కంపెనీ, ఎన్ని వాట్లు అనేది రెండో మాట. ఏ గదిలో ఎవరుంటారో ఆ గది శబ్దాన్ని తగ్గించుకునే, ఆపుకునే స్విచ్ వాళ్ల చెయ్యి అందేచోట గోడమీద ఉండాలి. అది లేకపోతే ఎన్ని లక్షలు పోసినా దండగే.

మేము ఎంక్వయిరీ కమ్ రిజర్వేషన్ క్లర్కుగా పనిచేశాము. బండి ఆలస్యమైతే మైకులో చెప్పడం కూడా కొన్నేళ్లు మా పనే. అక్కడ నేర్చుకున్నవి రెండు. శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. పొడుగాటి ప్లాట్‌ఫాం ఒక చివర పెద్ద హారన్ ఒక్కటే పెడితే దాని కింద ఉన్నవాడికి చెవులు పగులుతాయి, అవతలి చివర ఉన్నవాడికి మాట దాదాపు సెకను ఆలస్యంగా చేరి ఏమీ అర్థం కాదు. అందుకే చిన్న స్పీకర్లు దగ్గర దగ్గరగా పెట్టి, శబ్దం తక్కువగా ఉంచుతారు. ఇంటికీ ఇదే సూత్రం. పడసాలలో పెద్ద డబ్బాలు పెట్టి వంటింటికి వినబడేదాకా పెంచడం కంటే వంటింట్లో చిన్నది ఒకటి పెట్టడం మేలు.

రెండోది, అన్ని చోట్లా వినిపించకూడదు. రాత్రి డ్యూటీ చేసివచ్చిన డ్రైవర్లు, గార్డులు పడుకునే రన్నింగ్ రూం వైపు మా స్టేషన్లో స్పీకర్ తిప్పేవారు కాదు. ఆ గదిలో ఎవరున్నారు, వాళ్లకేం కావాలి అని ముందు చూసేవారు. మన ఇళ్లలో ఈ ప్రశ్న ఎవరూ అడగడం లేదు. మేమూ అడగలేదు.

మూడేళ్ల కిందట మా ఇల్లు తిరిగి కట్టినప్పుడు బెంగళూరులో ఉద్యోగం చేసే మా అబ్బాయి అయిదు గదుల్లోనూ వైఫై స్పీకర్లు పెట్టించాడు. మా అమ్మ గదిలో కూడా. అప్పుడామెకు 87 ఏళ్లు. ఒకరోజు మధ్యాహ్నం ఆమె పడుకుని ఉండగా గదిలో సినిమా పాట గట్టిగా మోగింది. బెంగళూరులో మనవడు తన ఫోన్లో పాట పెట్టుకోబోయి మా ఇంటి స్పీకర్లన్నిటి మీద నొక్కాడు. ఆమె బెదిరి లేచింది. ఆపడానికి ఆ గదిలో ఏమీ లేదు. మేము వెళ్లేసరికి స్పీకర్ మీద తువ్వాలు కప్పి, దాని మీద దిండు అదిమి పట్టుకుని ఉంది. మేమంతా నవ్వాము. ఆమె నవ్వలేదు. "నా గదిలో అరిచేదాన్ని నేను ఆపలేనప్పుడు అది నా గది ఎట్లయితాదిరా?" అనింది.

ఫోన్ నేర్పితే పోలేదా అని మా అబ్బాయి అన్నాడు. నేర్పాము, రాలేదు. మేము జోలార్‌పేటలో తమిళ మీడియంలో చదువుకున్నాము. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక నేర్చుకున్నాము. నడివయసులో కొత్త లిపి ఎంత కష్టమో మాకు తెలుసు. ఆమెకు ఆ ఫోన్లోని బొమ్మలు అలాంటివే. వేళ్లు ఎండిపోయి తెర కూడా స్పందించేది కాదు. ఆమె మళ్లీ పాత ట్రాన్సిస్టర్ చెవి దగ్గర పెట్టుకుని ఆకాశవాణి తెలుగు వార్తలు వినడం మొదలుపెట్టింది. చివరికి ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆమె గదికి వైరు లాగి, మంచం పక్కన చిన్న స్పీకరు, గోడకు తిప్పే నాబ్ పెట్టించాము. మొత్తం ఖర్చులో అది చిల్లర. తెల్లవారితే తానే తిప్పుకునేది. అలా తిప్పుకున్నది ఎనిమిది నెలలే. పోయిన ఏడాది కాలం చేసింది. కట్టేటప్పుడే పెట్టించి ఉంటే రెండేళ్లు ముందే ఆమె చేతిలో ఉండేది.

ఇక ఇల్లు కట్టేవాళ్లకు మా సలహాలు.

1. స్పీకర్లు కొనకముందు కాగితం మీద గదులు రాయండి. ప్రతి గది పక్కన అక్కడ ఉండే మనిషి పేరు, వాళ్లేం వింటారో రాయండి. చదువుకునే పిల్లల గదికి అసలు వద్దేమో వాళ్లనే అడగండి.

2. గోడలకు గార పూయకముందే పైపులు వేయించండి. ప్రతి గది నుంచి వైర్లు ఒకేచోటికి రావాలి. కరెంటు వైర్ల పైపులోనే స్పీకర్ వైరు తోయకూడదు. నెట్‌వర్క్ కేబుల్ కూడా ఒకటి లాగి ఉంచండి. యంత్రాలు మారుతాయి, వైరు ఉంటుంది.

3. నాలుగు ఎనిమిది ఓముల స్పీకర్లను ఒకే యాంప్లిఫైయర్‌కు పక్కపక్కన కలిపితే రెండు ఓములు అవుతుంది. చాలా ఇంటి యాంప్లిఫైయర్లు దానికి తట్టుకోవు. గదికొక చానెల్ ఉన్నది తీసుకోండి. మాటలు, భజనలు వినడానికే అయితే స్టేషన్లలో లాగా 100 వోల్టు లైను చాలు. అందులో స్పీకర్ల వాట్లన్నీ కూడితే యాంప్లిఫైయర్ వాట్లకు మించకూడదు. 60 వాట్ల దానికి అయిదు వాట్లవి పది పెట్టవచ్చు.

4. వయసు పైబడితే ముందుగా తగ్గేది సన్నని శబ్దాలు వినే శక్తి. అందుకే మాట వినబడుతుంది కానీ తెలియదు. శబ్దం పెంచితే గోల పెరుగుతుంది, అంతే. స్పీకరును సీలింగులో కాకుండా చెవి ఎత్తులో, మంచానికి దగ్గరగా పెట్టండి.

5. కరెంటు పోతే వైఫై పెట్టె కూడా ఆగుతుంది. తిరుమణి దగ్గర 2,050 మెగావాట్ల సోలార్ పార్కు ఉన్న తాలూకా మనది, అయినా ఇంట్లో యూపీఎస్ లేకుండా కుదరదు. యాంప్లిఫైయర్, వైఫై రెండూ దాని మీద ఉండాలి.

"ఇంత వైరు గొడవ ఎందుకు, గదికొక బ్లూటూత్ స్పీకరు చాలదా?" అని కొందరంటారు. అద్దె ఇంటికి అదే మంచిది. సొంత ఇంట్లో మాత్రం మన రాతి గోడలు దాటి అది సరిగా పనిచేయదు. అన్ని గదులూ ఒక్కటిగా మోగడమూ కష్టం. "మంచి కంపెనీ యాప్ ఉంటే చాలు" అనేవాళ్లకు ఒక మాట. ఇంటి నిండా స్పీకర్లు పెట్టడంలో ప్రపంచమంతా పేరున్న అమెరికా కంపెనీ సోనోస్ 2024 మే నెలలో యాప్ మార్చింది. అలారం లాంటి పాత సౌకర్యాలు కొన్ని పోయి వాడేవాళ్లు గగ్గోలు పెట్టారు. 2025 జనవరిలో ఆ కంపెనీ ముఖ్య అధికారి పదవి వదులుకున్నాడు. గోడమీది నాబ్‌ను కాలిఫోర్నియా నుంచి ఎవరూ మార్చలేరు.

మా చిన్నప్పుడు ఊరికొక పంచాయితీ రేడియో ఉండేది. స్విచ్ ఒకరి చేతిలో, వినేది ఊరంతా. అప్పుడు వేరే దారి లేదు. ఇప్పుడు ఉంది.

మన సంఘంలో ఎలక్ట్రికల్ పని తెలిసిన కుర్రవాళ్లు ఉన్నారు. ఇల్లు కడుతున్నవాళ్లు గార పూయకముందు ఒకసారి వాళ్లకు చూపించండి, మమ్మల్ని పిలిచినా వస్తాము. ఇప్పటికే కట్టేసినవాళ్లు ఈ రాత్రికి ఒక పని చేయండి. మీ అమ్మ గదిలోకో నాన్న గదిలోకో వెళ్లి, "దీన్ని మీరు ఆపగలరా?" అని అడగండి. వాళ్లేమన్నారో కింద రాయండి. మా రాతలో తప్పులుంటే మన్నించండి.