హంస బోటు సరే, చంటిదాని జాకెట్ ఏదీ?

సెలవులు వస్తే చాలు, మన ఇళ్ళల్లో అందరి మనసూ నీళ్ళ మీదికి పోతుంది. ఖమ్మం వాళ్ళకి లకారం చెరువు ఉంది, కాస్త ఓపిక చేసుకుంటే పాలేరు, వైరా ఉన్నాయి. కొత్తగూడెం, పాల్వంచ వైపు వాళ్ళకి కిన్నెరసాని. భద్రాచలం వెళ్ళినవాళ్ళకి స్వామి దర్శనం అయ్యాక పర్ణశాల, ఆపైన పాపికొండలు. ఈ ప్రయాణానికి తెల్లారుజామున లేచి పులిహోర కలిపేది మనం. మారుబట్టలు, తువ్వాళ్ళు, వాంతులకి నిమ్మకాయ సర్దేది మనం. బోటు ఎంచేది మాత్రం మనం కాదండీ. మగవాళ్ళు టికెట్ ధర చూసి ఎంచుతారు, పిల్లలు రంగు చూసి ఎంచుతారు. మనం చెప్పులు చేత్తో పట్టుకుని, చంటిదాన్ని చంకనేసుకుని, వాళ్ళు చూపించిన దాంట్లోకి ఎక్కుతాం. నా పోట్లాట అంతా ఇక్కడే.

ఈత వచ్చినవాళ్ళు నిర్ణయించడం, ఈత రానివాళ్ళు ఒళ్ళో పిల్లని పెట్టుకుని కూర్చోవడం ఏం న్యాయం? మనలో ఎంతమందికి ఈత వచ్చో ఒక్కసారి లెక్కేసుకోండి. మా తరంలో అన్నదమ్ములు వ్యవసాయ బావిలో బెండు కట్టుకుని దూకి నేర్చుకున్నారు. మనం గట్టు మీద కూర్చుని వాళ్ళ బట్టలకి కాపలా కాశాం. మున్నేరు, గోదావరి పక్కనే పుట్టి పెరిగినా మోకాలి లోతు దాటి దిగనివ్వలేదు. ఆడపిల్లకి ఈతెందుకు అన్నవాళ్ళే ఇవాళ "పిల్లల్ని జాగ్రత్తగా పట్టుకో" అని బోటెక్కిస్తున్నారు.

పోయిన వేసవిలో మా ఆడపడుచు కుటుంబంతో కలిసి ఒక రిజర్వాయరుకి వెళ్ళాం. వాళ్ళ చిన్నదానికి మూడేళ్ళు. బోటింగ్ కౌంటర్ దగ్గర కొక్కేనికి వేలాడుతున్న లైఫ్ జాకెట్లన్నీ ఒకే సైజు, పెద్దవాళ్ళవి. చంటిదానికి ఏదయ్యా అంటే "దానికెందుకమ్మా, ఒళ్ళో కూచోబెట్టుకోండి, ఏం కాదు, ఇక్కడ లోతు లేదు" అన్నాడు అబ్బాయి. అన్నయ్యగారు "నాకు ఈత వచ్చు కదా చెల్లెమ్మా, ఎందుకు భయం" అన్నారు. నేను ఎక్కలేదు, పిల్లనీ ఎక్కనివ్వలేదు. కాసేపు అందరి మొహాలూ మాడిపోయాయి. చిన్నది ఏడ్చింది, తాటిముంజలు కొనిపెడితే మానింది.

ఆ రెండు మాటలకి అక్కడ చెప్పలేని జవాబు ఇక్కడ చెప్తాను. "లోతు లేదు" అంటే ఎవరికి లేదు? ఆరడుగుల మనిషికి నడుములోతు అంటే మూడేళ్ళ పిల్లకి మునుగే. "నాకు ఈత వచ్చు" అన్న మాట ఇంకా అన్యాయం. పడవ తిరగబడితే ఆయన ముందు ఎవర్ని పట్టుకుంటారు? భార్యనా, పెద్దవాడినా, చిన్నదాన్నా? ఈత రాని మనిషి నీళ్ళల్లో దొరికినవాళ్ళ మెడ పట్టుకుంటుంది. అది ఆమె తప్పు కాదు, ప్రాణభయం అంతే. ఈత వచ్చిన ఒక్కరూ అలాగే మునుగుతారు. ఇక ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం. ఒక్కసారిగా పక్కకి పడిపోతున్నప్పుడు మన చేతులు ఆసరా కోసం చాపుకుంటాయి. ఒళ్ళో ఉన్నదాన్ని ఎంత ప్రేమగల తల్లయినా పట్టుకుని ఉండలేదు. చీరకొంగుతో పిల్లని తనకి కట్టేసుకునే తల్లుల్ని కూడా చూశాను. దయచేసి ఆ పని చెయ్యకండి, మునిగితే ఇద్దరూ కలిసే మునుగుతారు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మునిగిపోయేవాళ్ళు సినిమాల్లోలా చేతులూపి కేకలెయ్యరు. ఊపిరి తీసుకోవడానికే దిక్కులేనప్పుడు అరిచేదెక్కడ? పిల్లలైతే చప్పుడు లేకుండా ఒక్క నిమిషం లోపే జారిపోతారు. పసిపిల్లల తల ఒంటితో పోలిస్తే పెద్దది, బరువు. అందుకే బోర్లా పడితే వాళ్ళంతట వాళ్ళు మొహం పైకెత్తుకోలేరు. పిల్లల జాకెట్‌కి మెడ వెనక దిండులాంటి కాలర్ పెట్టేది ఇందుకే. కాళ్ళ సందులోంచి ఒక పట్టీ వచ్చి ముందు బిగుసుకోవాలి. ఆ పట్టీ లేకపోతే జాకెట్ పైకి తేలుతుంది, పిల్ల కిందికి జారుతుంది. పెద్దవాళ్ళ జాకెట్ పిల్లకి వేస్తే జరిగేది అచ్చంగా ఇదే. వేసి, తాళ్ళు బిగించి, రెండు భుజాల దగ్గర పట్టుకుని పైకి లేపి చూడండి. జాకెట్ చెవుల దాకా వచ్చేస్తే అది ఆ పిల్లది కాదు. అమ్మే జాకెట్ల లోపల చీటీ మీద ఎంత బరువు పిల్లలకో రాసి ఉంటుంది. 50 న్యూటన్లు అని ఉంటే అది దాదాపు 5 కిలోల బరువుని తేలుస్తుంది, ఈత వచ్చినవాళ్ళకి ఆసరా మాత్రమే. ఈత రానివాళ్ళకి 100 లేదా అంతకు పైన కావాలి. పిల్లలకీ, మనకీ కూడా. రెక్కలకి తొడిగే గాలి బుడగలు, నడుముకి వేసే బాతు ట్యూబులు ఆటబొమ్మలండీ. వాటి మీద ప్రాణరక్షణకి కాదు అని చిన్న అక్షరాల్లో వాళ్ళే రాస్తారు.

అందుకే నేనంటాను, ముందు జాకెట్, తర్వాతే బోటు. చెప్పుల కొట్లో పిల్లకి సరిపడే సైజు లేకపోతే కొనకుండా బయటికి వచ్చే మనం, బోటు దగ్గర ఎందుకు సర్దుకుపోతాం?

"చిన్న పడవలు భయం, పెద్ద లాంచీ అయితే నిక్షేపం" అనేవాళ్ళు మన ఇళ్ళల్లో చాలామంది. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగింది పెద్ద బోటే. పాపికొండలకి వెళ్తున్న ఆ బోటులో డెబ్బై మందికి పైగా ఉన్నారు, మన వరంగల్ వైపు వాళ్ళూ ఉన్నారు. బోటుని బయటికి తియ్యడానికే నెల దాటింది. ఆ రోజు బతికినవాళ్ళని నీళ్ళల్లోంచి లాగింది ఒడ్డు మీది ఊళ్ళ జనం, తమ చిన్న పడవలేసుకుని వెళ్ళి. 2023 మే 7న కేరళ తానూరులో 22 మందిని మింగింది రెండంతస్తుల బోటు. 2024 జనవరి 18న వడోదరలో హర్ణి చెరువులో విహారానికి వచ్చిన 12 మంది బడిపిల్లలూ ఇద్దరు టీచర్లూ పోయారు. అదేం మహానది కాదు, ఊరి చెరువు. ఎక్కించాల్సిన దానికంటే ఎక్కువమందిని ఎక్కించారు, చాలామంది పిల్లలకి జాకెట్లు లేవు. కప్పు ఉన్న బోటు, జనం ఒకవైపు చేరే బోటు ఒరిగితే లోపలున్నవాళ్ళకి దారి ఉండదు. చిన్నదాంట్లోంచి పడితే కనీసం ఆకాశం కనిపిస్తుంది. జాకెట్ ఉంటే తేలతాం.

ఇక ఏ చిన్న పడవ? ముందు హంస బోటు. కాళ్ళతో తొక్కే పెడల్ బోటుని నేను పూర్తిగా తీసిపారెయ్యను. అడుగు వెడల్పుగా ఉంటుంది, నిశ్చలమైన చెరువులో తొందరగా ఒరగదు. కానీ ఆ హంస మెడ, ఆ కప్పూ గాలికి తెరచాపలా పట్టుకుంటాయి. ఎండాకాలం సాయంత్రాలు మన దగ్గర గాలిదుమారం ఎంత హఠాత్తుగా లేస్తుందో మీకు తెలుసు. చిన్నపిల్లల కాళ్ళు పెడళ్ళకి అందవు, మొత్తం తొక్కేది ఇద్దరు పెద్దవాళ్ళే. ఎదురుగాలిలో వాళ్ళు ఎంత తొక్కినా అది కదలదు. కప్పు లేనిది, మెడ లేనిది ఉంటే అదే అడగండి. పిల్లలు ఫొటో బాగా రాదంటారు, అననివ్వండి.

పుట్టి చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కృష్ణ, తుంగభద్రల మీద జాలర్ల బతుకు అది. వెదురు బుట్టకి ఒకప్పుడు తోలు కుట్టేవారు, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా వేసి తారు పూస్తున్నారు. నడిపేవాడికి అది పూలబుట్ట, మనకి మాత్రం గిర్రున తిరిగే బొంగరం. అంచు తక్కువ. నాలుగేళ్ళవాడు చేప కనిపించిందని ఒక్కసారి లేచి నిలబడితే అందరూ అటే ఒరుగుతారు. గోదావరి మీద గూడేల వాళ్ళు నడిపే సన్నటి నాటు పడవా అంతే. అది వాళ్ళ కాళ్ళకి అలవాటైన పనిముట్టు, మన సరదాకి చేసింది కాదు.

ఈమధ్య కాయాక్‌లు వచ్చాయి, తెడ్డు వేసుకునేవి. కొందరు ఆన్‌లైన్లో కొని కారు మీద కట్టుకుని వెళ్తున్నారు. వీటిలో రెండు రకాలు. ఒకటి కాళ్ళు లోపలికి చాపుకుని దూరి కూర్చునేది. తిరగబడితే తలకిందులుగా ఉండి అందులోంచి బయటికి జారాలి. పిల్లలతో అది వద్దే వద్దు. రెండోది పైన కూర్చునేది, పీటలాగా. లోపల మూసేసిన బోలు ఉంటుంది, పైన పడ్డ నీళ్ళు కన్నాల్లోంచి కిందికి పోతాయి. తిరగబడినా మనం పక్కకి పడతాం గానీ లోపల ఇరుక్కోం, మళ్ళీ తిప్పి ఎక్కొచ్చు. చిన్నపిల్లల ఇంటికి ఇదొక్కటే నా ఓటు. వెడల్పు రెండున్నర అడుగులకి తగ్గకూడదు. పిల్ల ముందు, పెద్దవాళ్ళు వెనక కూర్చోవాలి, కళ్ళెదుట ఉండాలి కాబట్టి. ఒక పెద్దకి ఒక పిల్ల, అంతే. ఇద్దరు చంటివాళ్ళని ఒకేసారి తీసుకెళ్ళే పెద్దమనిషిని అక్కడే ఆపండి. మొయ్యగల బరువు ఎంతని రాసి ఉంటుందో దానికి బాగా తక్కువలో ఉండండి. మన మనుషులు ఎక్కాక టిఫిన్ క్యారియరూ ఎక్కుతుంది కదా.

గాలి కొట్టే కాయాక్ చవక, తేలిక, డిక్కీలో పడుతుంది. కొంటే గాలి గదులు వేరువేరుగా కనీసం మూడు ఉన్నది కొనండి, ఒకటి పోయినా మిగతావి తేలుస్తాయి. మన చెరువుగట్ల నిండా తుమ్మముళ్ళు, అది ఒక బెడద. ఇంకోటి ఎండ. కొత్తగూడెం, భద్రాచలం ఎండల సంగతి నేను చెప్పాలా! నిండా గాలి కొట్టి గట్టు మీద ఎండలో వదిలేస్తే లోపలి గాలి ఉబ్బి కుట్లు తెగుతాయి. దాన్నే చల్లటి నీళ్ళలోకి దింపితే మెత్తబడుతుంది, అప్పుడు మళ్ళీ కొట్టాలి. తేలికైంది కాబట్టి ఒడ్డు నుంచి వీచే గాలికి లోపలికి కొట్టుకుపోతుంది. ఆన్‌లైన్లో నాలుగైదు వందలకి దొరికే రబ్బరు పడవలు బాత్‌టబ్ ఆటకి పనికొస్తాయి, మనకి బాత్‌టబ్ లేదు.

సొంత కాయాక్ ఉందని ఎక్కడపడితే అక్కడ దింపడానికి లేదు. కిన్నెరసాని అభయారణ్యం, అటవీశాఖ వాళ్ళని అడక్కుండా దింపకూడదు. పైగా ఆ నీళ్ళల్లో మొసళ్ళున్నాయి. అక్కడికి వెళ్తే పర్యాటక శాఖ బోటే, అదీ జాకెట్ దొరికితేనే. గోదావరిలో మాత్రం పిల్లలతో తెడ్డు పడవ మాటే ఎత్తకండి. భద్రాచలం దగ్గర 43 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక. 2022 జులైలో నీళ్ళు 71 అడుగులు దాటాయి. వరద లేనప్పుడు మోకాలి లోతులో కనిపించే చోటే ఇసుక గుంతలు, సుడులు ఉంటాయి. పైన ఎక్కడో వాన పడితే ఇక్కడ ఎండగా ఉండగానే నీళ్ళు పెరుగుతాయి.

భద్రాచలం అన్నాను కాబట్టి ఒక పిట్టకథ. వాల్మీకంలో లేదు గానీ మా అమ్మమ్మ చెప్పేది. గుహుడు రాముణ్ణి పడవెక్కించే ముందు కాళ్ళు కడిగి గానీ ఎక్కించనన్నాడట. రాయిని ఆడదాన్ని చేసిన ధూళి కదా, నా పడవ కూడా మారిపోతే నా పొట్టకి దారేదీ అని. అందరూ అందులో భక్తి చూస్తారు. నాకు మాత్రం మంచి పడవవాడు కనిపిస్తాడు. వచ్చినవాడు దేవుడైనా సరే, అన్నీ చూసుకోకుండా ఎక్కించలేదు. మన కౌంటర్లలో అలాంటి అనుమానపు మనిషి ఒక్కడుంటే చాలు.

చివరగా చీర సంగతి, ఎవరూ రాయరు కాబట్టి నేనే రాస్తాను. అయిదున్నర మీటర్ల బట్ట తడిస్తే కాళ్ళకి చుట్టుకుంటుంది. ఈత వచ్చిన ఆడమనిషి కూడా అందులో కాళ్ళు ఆడించలేదు. చున్నీ కూడా మెడకి చిక్కుకుంటుంది. పడవెక్కే రోజు ఒంటికి పట్టిన సల్వారు వేసుకుని, చున్నీ బ్యాగులో పెట్టండి. గుడికి వెళ్ళి వస్తున్నాం, చీరలోనే ఉన్నాం అంటారా, అయితే ఆ పూట మీరు ఎక్కకండి, పిల్లనీ ఎక్కించకండి. అత్తగారు ఏమంటారో అని భయపడే చెల్లెళ్ళకి ఒక ఉపాయం, "డాక్టరుగారు ఎక్కొద్దన్నారు" అనండి. ఆ ఒక్క అబద్ధానికి పాపం ఏమైనా ఉంటే నా ఖాతాలో రాసుకోమనండి.

ఖర్చంటారా? మంచి పిల్లల జాకెట్ ధర, నలుగురం ఒక ఆదివారం సినిమాకి వెళ్ళొచ్చిన ఖర్చంత. పిల్ల పెరిగాక చెల్లెలి పిల్లకి ఇవ్వచ్చు. నేను మా ఆడపడుచు చిన్నదాని పుట్టినరోజుకి పట్టుగౌను బదులు అదే కొనిచ్చాను, కాలరూ కాళ్ళపట్టీ ఉన్నది, నారింజ రంగుది. అన్నయ్యగారు ఇంకా కొంచెం ముభావంగానే ఉన్నారు. పిల్ల మాత్రం దాన్ని వేసుకుని హాల్లో తిరుగుతోందట, అన్నానికి పిలిచినా విప్పనంటోందట.