సాక్ష్యం వింటాం సరే, జామీను ఎవరిస్తారు?

క్రిస్మస్ వచ్చిందంటే మన సంఘాలకు జైలు గుర్తొస్తుంది. కేకులు పంచుతాం, రెండు పాటలు పాడతాం, ఫోటో దిగి వస్తాం. మారుమనస్సు పొందిన ఖైదీ బయటికొస్తే కూడికలో సాక్ష్యం చెప్పిస్తాం. ఎంత పెద్ద నేరమైతే అంత గొప్ప సాక్ష్యం! మరి ఏ నేరమూ రుజువు కాకుండానే లోపల మగ్గుతున్నవాడి సాక్ష్యం ఎవరు వింటారు?

2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉన్నారు. వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. అంటే నలుగురిలో ముగ్గురికి ఇంకా శిక్షే పడలేదు. బెయిల్ వచ్చినా పూచీ పడేవాళ్లు లేక లోపలే ఉండిపోయేవాళ్లూ వీరిలో ఉన్నారు. జామీనుకు పహణీ తెమ్మంటే భూమిలేని కూలీ ఎక్కడినుంచి తెస్తాడు? బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్లాపురం పల్లెల్లో ఇంట్లో తెలుగు, కేసు కాగితాల్లో కన్నడం. చదువురాని తల్లికి కొడుకు మీద ఏం రాశారో కూడా తెలియదు.

ఇదే చింతామణి తాలూకాలోని కంబాలపల్లిలో 2000 మార్చి 11న ఏడుగురు దళితులను సజీవంగా దహనం చేశారు. సాక్షులు మాట మార్చారు. 2006లో కింది కోర్టు నిందితులందరినీ విడిచిపెట్టింది. 2014లో హైకోర్టు కూడా ఆ తీర్పునే నిలబెట్టింది. ఏడు ప్రాణాలు పోయాయి, దోషి మాత్రం లేడు! జైలు నిండా ఉన్నది నేరస్థులేనని ఇకనైనా అనగలమా?

లోపల కూడా కులం వదల్లేదు. ఊడ్చే పని ఒకరికి, వంట పని మరొకరికి అని కులాన్నిబట్టి పంచే జైలు నిబంధనలు చెల్లవని సుప్రీంకోర్టు చెప్పింది 2024 అక్టోబర్‌లో! స్వాతంత్ర్యం వచ్చి 77 ఏళ్లయ్యాక!

నేరస్థులను వెనకేసుకొస్తున్నారా అని కొందరు పెద్దలు అడుగుతారు. కాదు. బాధితులకు న్యాయం, నిందితులకు త్వరగా విచారణ, రెండూ అడుగుతున్నాం. పూచీ పడవద్దని సామెతల గ్రంథం హెచ్చరించలేదా అంటారు. హెచ్చరించింది. కానీ చెరసాలలోనే ఉన్న పౌలు ఒనేసిము బాకీని తన లెక్కలో వేసుకొమ్మని ఫిలేమోనుకు రాశాడు కదా!

బెయిల్ వచ్చిన వారంలోగా విడుదల కాకపోతే జైలు అధికారి జిల్లా న్యాయ సేవల ప్రాధికార సంస్థకు తెలపాలని 2023లో సుప్రీంకోర్టు ఆదేశించింది. యువతీ యువకులారా, ఆ ఆఫీసుకు వెళ్లి మన తాలూకాల నుంచి ఎవరెవరు అలా ఉన్నారో అడగండి. ఆ తల్లులకు కాగితాలు చదివి చెప్పండి. వాయిదాకు వాళ్ల వెంట వెళ్లండి. పహణీ ఉన్న సంఘ పెద్దలారా, ఈ క్రిస్మస్‌కు కేకు వద్దు. ఒక్కరికి జామీను ఇవ్వండి.