బరువుకి కారణం కంచంలోనేనా?

పేరంటానికి వెళ్లినా, పెళ్లికి వెళ్లినా మన ఆడవాళ్లకి ఒక మాట తప్పదు. "ఏమిటోయ్, మళ్లీ ఒళ్లు చేశావే!" ఆ వెనకాలే సలహాలు. అన్నం మానెయ్, చపాతీ తిను. పరగడుపున నిమ్మకాయ నీళ్లు తాగు. సాయంత్రం గంటసేపు నడువు. చెప్పేవాళ్లకి మనమీద ప్రేమే, కాదనను. కానీ "రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతున్నావు? మనసులో ఏం పెట్టుకుని కుమిలిపోతున్నావు?" అని అడిగేవాళ్లేరీ?

మా వీధిలో ఒకావిడ ఉన్నారు. మంచాన పడ్డ అత్తగారు, ఇంటర్ చదివే కొడుకు, నెలలో సగం రోజులు క్యాంపులకెళ్లే భర్త. రాత్రిపూట రెండు పుల్కాలూ, గ్లాసుడు మజ్జిగా, అంతే ఆవిడ భోజనం. ఆర్నెల్లయినా రెండు కిలోలు కూడా తగ్గలేదు. "నోరు కట్టుకోవడం చేతకాదు" అని ఇంట్లోవాళ్లే వేళాకోళం చేస్తారు. అత్తగారి కోసం ఆవిడ రాత్రి రెండుసార్లు లేస్తారనీ, కొడుకుని చదివించడానికి మళ్లీ నాలుగున్నరకే లేస్తారనీ మాత్రం ఎవరికీ గుర్తురాదు.

మనసు ఆందోళనలో ఉంటే మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోనుని ఎక్కువగా విడుదల చేస్తాయి. ఆపద సమయంలో ఒంటికి వెంటనే శక్తి అందేలా చూడటం దాని పని. ఆపద గంటలో తీరిపోతే ఫరవాలేదు. నెలల తరబడి తీరకపోతేనే చిక్కు. తీపి మీదకీ, వేపుళ్ల మీదకీ మనసు పోతుంది. పొట్ట చుట్టూ కొవ్వు చేరడానికీ అది తోడవుతుంది. అందరికీ ఒకేలా ఉండదు లెండి, దిగులుతో చిక్కి సగమయ్యేవాళ్లూ ఉన్నారు.

2014లో అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీవారు 58 మంది స్త్రీలకి 930 కేలరీల భోజనం పెట్టి, తర్వాత ఏడు గంటలపాటు వాళ్ల ఒంట్లో ఎంత శక్తి ఖర్చవుతోందో కొలిచారు. ముందురోజు ఏదో ఒక చికాకు పడ్డవాళ్లకి, ఏ చికాకూ లేనివాళ్లకంటే సగటున 104 కేలరీలు తక్కువ ఖర్చయ్యాయి. 2010లో చికాగో విశ్వవిద్యాలయం వారు బరువెక్కువున్న పదిమందికి ఒకే రకం పథ్యం పెట్టి, రెండు వారాలు ఎనిమిదిన్నర గంటలు, మరో రెండు వారాలు ఐదున్నర గంటలు మాత్రమే పడుకోనిచ్చారు. బరువు రెండుసార్లూ దాదాపు ఒకేలా తగ్గింది. కానీ బాగా పడుకున్నప్పుడు కరిగిన కొవ్వు 1.4 కిలోలు, నిద్ర కరువైనప్పుడు 0.6 కిలోలే! కొవ్వు బదులు కండలాంటిది పోయిందన్నమాట. ఇవి చిన్న అధ్యయనాలే. అయినా కంచం ఒక్కటే లెక్క కాదని చెప్పడానికి చాలు.

తిండి జాగ్రత్త, నడక మానెయ్యమని నేననడం లేదు. ఎంత చేసినా బరువు తగ్గకపోతే థైరాయిడ్ లాంటివి ఉన్నాయేమో డాక్టరుకి చూపించుకోవాల్సిందే. కానీ "టెన్షన్ పడకు, రోజూ ఓ అరగంట ప్రాణాయామం చెయ్యి" అని చెప్పేసి చేతులు దులుపుకుంటే ఎలా? ఆ అరగంట ఎక్కణ్ణుంచి వస్తుంది? 2024లో కేంద్ర ప్రభుత్వం చేయించిన కాల వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకి సగటున 289 నిమిషాలు దానికే వెచ్చిస్తున్నారు. మగవాళ్లు 88 నిమిషాలు. మన టెన్షన్‌లో చాలా భాగం ఈ తేడాలోనే ఉంది.

అందుకే ఇంట్లో మగవాళ్లకీ, ఎదిగిన పిల్లలకీ ఒక మాట. ఆవిడ సన్నబడాలని నిజంగా ఉంటే, కంచంలో ముద్ద తగ్గించమనే ముందు ఆవిడ చేతిలో పని ఒకటి అందుకోండి. రాత్రి అంట్లు ఒకరు తోమొచ్చు. పెద్దావిడ దగ్గర రోజు విడిచి రోజు ఇంకొకరు పడుకోవచ్చు. ఇంటర్ చదివే కుర్రాడు అలారం పెట్టుకుని తనే లేవొచ్చు.

మనమూ నోరు విప్పి అడగాలి. వాళ్లంతట వాళ్లు చూసి అందుకుంటారని ఎదురుచూస్తూ కూర్చుంటే ఏళ్లు గడిచిపోతాయి. ఇవాళ రాత్రి పదింటికల్లా పడుకుంటానని ఇంట్లో చెప్పి చూడండి. మిగిలిన పని ఎవరిదో అప్పుడు తేలుతుంది.